అంతియొకయలో పంక్తి, హైటెక్ సిటీలో డబ్బాలు

నేను చెప్పే కథల్లో మూడోవంతు నిజం ఉంటుందని మా అమ్మ అంటుంది. అది కూడా ఎక్కువ చెప్పిందని మా ఆవిడ అంటుంది. ఇప్పుడు చెప్పబోయేదాంట్లో నిజం పాలు కాస్త ఎక్కువే. ఎక్కడ కల్పించానో అక్కడే ఒప్పేసుకుంటాను. యాభై దాటాక ఆ మాత్రం మర్యాద పాటించాలి.

హైటెక్ సిటీలో మా ఆఫీసు కెఫెటేరియా గోడ వారగా రెండు మైక్రోవేవ్ ఓవెన్లు ఉంటాయి. ఒకదాని మీద పచ్చ చుక్క, ఇంకోదాని మీద ఎర్ర చుక్క. మా బిల్డింగులో ఎన్ని ఊళ్ళవాళ్ళు, ఎన్ని కులాలవాళ్ళు, ఎన్ని ప్రాజెక్టులవాళ్ళు ఉన్నారో ఎవరూ చెప్పలేరు గాని, మధ్యాహ్నం ఒంటిగంట కొట్టేసరికి మానవజాతి అంతా రెండే వరసలు. పచ్చ వరసలో ఉన్నవాడు ఎర్ర వరసలోని డబ్బా వైపు చూడడు. ఎర్ర వరసలో ఉన్నవాడు పచ్చ వరసలోని డబ్బాను చూసి జాలిపడతాడు.

నాది ఎర్ర వరస. నేను జీడిమెట్లలో పుట్టి పెరిగాను. మా నాయన బాలానగర్‌లో లేత్ మెషీన్ మీద పనిచేసేవాడు, ఆదివారాలు చర్చిలో డప్పు కొట్టేవాడు. నా మిత్రుడిది పచ్చ వరస. కోనసీమ నుంచి వచ్చినవాడు. అమ్మమ్మ మడి కట్టుకుని వండితే తప్ప దేవుడికైనా ముద్ద దొరకని ఇల్లు. నేను అతన్ని 'పంతులూ' అంటాను, అతను నన్ను 'ఫాదరుగారూ' అంటాడు. అతను పంతులు కాడు, నేను ఫాదరును కాను. ఇద్దరం సాఫ్ట్‌వేర్ సపోర్టులో తలలు నెరిసినవాళ్ళం.

ఏళ్ళ తరబడి మేమిద్దరం కిటికీ పక్కన మూల టేబుల్ దగ్గరే తిన్నాం. అతని డబ్బా ఎడమవైపు, నాది కుడివైపు. అతని మాగాయ నా వైపుకు వచ్చేది. నా వైపు నుంచి అతను తీసుకునేది కోయని జామకాయ ఒక్కటే. భోజనం చివర్లో నేను రోజూ ఒక కోడిముక్క ఎత్తి చూపించేవాణ్ణి.

"ఒక్క ముక్క పంతులూ! ఏం గాదు. దేవుడేమన్న సీసీ కెమెరా పెట్టిండా?"

"మీ దేవుడు పెట్టాడో లేదో నాకు తెలీదండీ. మా అమ్మమ్మ మాత్రం పెట్టింది. పైనుంచి చూస్తూనే ఉంటుంది."

ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. రోజూ అదే మాట, రోజూ అదే నవ్వు. నవ్వుకు కాలదోషం పడుతుందని అప్పటికి నాకు తెలియదు.

అలా ఉండగా అతని అక్క మొగుడు మా పై అంతస్తులో పెద్ద మేనేజరుగా చేరాడు. నుదుట సన్నటి బొట్టు, మెడలో ఐడీ కార్డు, దాన్ని రెండు వేళ్ళతో తిప్పుకుంటూ పొట్ట ముందు పెట్టుకుని నడిచే నడక. ఆయన మొదటిసారి కెఫెటేరియాలోకి దిగిన రోజున, నా మిత్రుడు మూల టేబుల్ మీద అప్పటికే పెట్టిన డబ్బాను తీసుకుని లేచాడు. "బావగారొచ్చారండీ" అని గొణిగి వెళ్ళి, పచ్చ ఓవెన్ పక్క టేబుల్ దగ్గర బావ ఎదురుగా కూర్చున్నాడు. మరుసటి రోజూ అక్కడే. ఆ వారమంతా అక్కడే. నేను మూల టేబుల్ దగ్గర ఒంటరిగా కూర్చుని, మాగాయ లేని అన్నం తింటూ, కిటికీలోంచి కనబడే క్రేన్లు లెక్కపెట్టుకునేవాణ్ణి. అలిగానని ఒప్పుకోవడానికి ఈ వయసులో సిగ్గు. కాని అలిగాను.

ఇక నా రెండో ఉద్యోగం గురించి చెప్పాలి. ఆదివారం సాయంత్రాలు పుప్పాలగూడలో మా ఫ్లాట్ హాల్లో ప్రార్థన కూడిక జరుగుతుంది. పాస్టరు అయ్యగారికి ఆ సాయంత్రం ఇంకా చాలా చోట్ల పిలుపులు ఉంటాయి కాబట్టి వాక్యం చెప్పే పని నాకు పడింది. నాకు బైబిలు బాగా తెలుసని కాదు, నోరు బాగా తిరుగుతుందని. నా కథల్లో పరిసయ్యులకు, అంటే ఏసయ్య కాలంనాటి యూదు ఆచారపరులకు, పొట్టలుండేవి, మీసాలుండేవి, నడకలుండేవి. పిల్లలు పడీపడీ నవ్వేవాళ్ళు. పరిసయ్యుడు అంటే ఆచారాల మూట మోసే దుష్టుడు, యూదుల ధర్మశాస్త్రం అంటే మెడకు కట్టిన రోలు, ఏసయ్య మాట ఊరూరా చాటిన అపొస్తలుడు వచ్చి ఆ తాడు తెంపాడు. అంతే నా వేదాంతం.

ఆ నెల పాఠం గలతీ ప్రాంతపు సంఘాలకు అపొస్తలుడు రాసిన ఉత్తరం. డేరాలు కుట్టి బతికిన ఆ పెద్దమనిషి అందులో ఒక పాత తగాదా గుర్తుచేసుకుంటాడు. అంతియొకయ అనే ఊళ్ళో యూదులూ యూదులు కానివాళ్ళూ ఒకే పంక్తిలో కూర్చుని తినేవాళ్ళు. శిష్యుల్లో పెద్దవాడు, ఒకప్పటి జాలరి, ఆయన కూడా వాళ్ళతోనే కూర్చునేవాడు. యెరూషలేము నుంచి కొందరు పెద్దలు వచ్చేసరికి, వాళ్ళేమనుకుంటారోనని జంకి, మెల్లగా లేచి వేరే కూర్చున్నాడు. అపొస్తలుడు ఊరుకోలేదు. అందరి ముందూ ఆయన్ని నిలదీశాడు.

ఏళ్ళుగా చెబుతున్న కథే అయినా, ఈసారి చదువుతుంటే నాకు ఒళ్ళు పులకరించింది. ఇది అంతియొకయ కాదు, మా కెఫెటేరియా! జాలరి నా మిత్రుడు, యెరూషలేము పెద్దలు వాళ్ళ బావ. ఇక అపొస్తలుడు ఎవరో వేరే చెప్పాలా? ఆ ఆదివారం పరిసయ్యుడి చేత బావగారి నడక నడిపించాలని తీర్మానించుకుని, ఆఫీసు నుంచి రాగానే హాల్లో సాధన మొదలుపెట్టాను.

సోఫాలో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న మా అమ్మ కాసేపు చూసింది.

"గా నడక ఎవరిది బిడ్డా?"

"పరిసయ్యునిది అమ్మా."

"పరిసయ్యుడు మెడల ఐడీ కార్డు ఏస్కుంటడా?"

మా అమ్మ దగ్గర అదే ఇబ్బంది.

సరిగ్గా ఆ వారంలోనే క్లయింటు తరఫున ఒక యూదు పెద్దమనిషి మా ఆఫీసుకు వచ్చాడు. మా డేటాబేసులు చూసి పెదవి విరవడం ఆయన పని. నెత్తిమీద చిన్న గుండ్రటి టోపీ, నెరిసిన గడ్డం. ఆయన కోషర్ భోజనమే, అంటే యూదు ఆచారం ప్రకారం వండిందే, చేస్తారని ముందే మెయిలు వచ్చింది. అడ్మిన్ వాళ్ళు ఆ మాటకు అర్థం వెతుక్కుని, తమకు తెలిసిన రెండు వరసల్లో ఒకదానిలో ఆయన్ని నిలబెట్టేశారు.

"ప్యూర్ వెజ్ అంట సార్. ఫికర్ చెయ్యకుండ్రి, మేం చూస్కుంటం."

గచ్చిబౌలిలో ఉల్లి, వెల్లుల్లి కూడా లేని థాలీ పెట్టించారు. వెండిలా మెరిసే గిన్నెలు సూర్యుడి చుట్టూ గ్రహాల్లా ఆయన ముందు తిరిగాయి. ఆయన అందరికీ నమస్కారం పెట్టి, చిరునవ్వు నవ్వి, అరటిపండు ఒలుచుకుని తిన్నాడు. మరుసటి రోజు ఇంకా ప్యూర్ హోటల్. వంటవాడు స్నానం చేసే వండాడని మేనేజరు వచ్చి ప్రమాణం చేశాడు. మళ్ళీ అరటిపండే.

"ఇంకేం ప్యూర్ జెయ్యాలె సార్?" అని అడ్మిన్ అతను నా చెవిలో దాదాపు ఏడ్చాడు. "ఇంతకంటె ప్యూర్ ఉంటె గుడిల ప్రసాదమే."

బల్లకు ఆ చివర, బావగారి పక్కన కూర్చున్న నా మిత్రుడు నెమ్మదిగా అన్నాడు. "పదార్థం కాదండీ, వారికి పాత్ర కావాలి. ఏం వండారన్నది కాదు, ఎందులో వండారు, ఎవరు వండారు. అదండీ."

ఆ మాటే అతను ఇంగ్లిషులో అడిగాడు. ఆ పెద్దాయన ముఖం దీపం పెట్టినట్టు వెలిగింది. తన చిన్న గిన్నె, కాయిల్ హీటరు హోటల్ గదిలో సూట్‌కేసులోనే ఉన్నాయన్నాడు. మావాళ్ళు ఇంత ప్రేమగా చూస్తుంటే వాటి మాట ఎత్తడానికి మొహమాటపడ్డాడట.

"మా అమ్మమ్మా అంతేనండీ! కాశీకి గిన్నె, చెంబు పట్టుకెళ్ళి స్టేషన్లో తనే వండుకు తింది" అని నా మిత్రుడు పొంగిపోయాడు. "రేపు బియ్యం, పెసరపప్పు నేను తెస్తానండీ. పొట్లం విప్పకుండానే తెస్తాను."

తిరుగు ప్రయాణంలో నేనూ పెద్దాయనా ఒక క్యాబులో ఇరుక్కున్నాం. బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గర బండి ఆగిందంటే బైబిల్లో చివరిదైన నూట యాభైయో కీర్తన దాకా పాడుకోవచ్చు. నేను ఊరుకుంటానా? నా ఆదివారపు పాఠం ఆయనకు అప్పజెప్పాను. నిలదీసిన అపొస్తలుడు, లేచిపోయిన జాలరి, తెగిన తాడు. ఆయన నా ఫోన్ తీసుకుని ఆ ఉత్తరాన్ని ఇంగ్లిషులో అక్కడికక్కడే చదివాడు. మధ్యమధ్య నవ్వాడు, ఒకచోట తల గోక్కున్నాడు. ఆయన ఇంగ్లిషును నా తెలుగులో చెబుతున్నాను.

"ఈ మెయిలు 'టూ' లో ఎవరున్నారు?"

"గలతీ సంఘాలవాళ్ళు."

"వాళ్ళు యూదులా?"

"కాదు. యూదులు కానివాళ్ళు. అన్యజనులు."

"అంటే నాకు రాసింది కాదు, మీకు రాసింది. కనీసం సీసీలో కూడా నేను లేను. మరి ఇందులోంచి మా అమ్మమ్మ వంటింటికి తిట్లు ఎలా పట్టుకొచ్చావు?"

నేను కిటికీ అద్దం దించి, మళ్ళీ ఎత్తాను.

"ఉత్తరం రాసిన ఇతను మావాడే. మాట్లాడే తీరు చూస్తే మా చిన్నాన్న కూడా కావచ్చు. మా ఇళ్ళలో ప్రేమను కూడా కోపంగానే చెబుతారు" అని ఆయన స్క్రీన్ మీద వేలు పెట్టి చూపించాడు. "కొత్తగా వచ్చిన మిమ్మల్ని ఎవరో భయపెడుతున్నారు. సున్నతి చేయించుకోండి, మాలాగా మారండి, అప్పుడే మీకు పూర్తి చోటు అంటున్నారు. అవసరం లేదు, మీరు మీలాగే రండి అంటున్నాడు ఇతను. మా పద్ధతులు మమ్మల్ని మానుకోమని చెబుతున్నాడా? నాకైతే అలా అనిపించడం లేదు. ఇక, ఆ పంక్తిలో ఏం వడ్డించారు?"

"పంది మాంసం."

"ఎక్కడుంది?"

నేను ఫోన్ తీసుకుని పైకీ కిందికీ జరిపాను. లేదు. ఎక్కడా లేదు. ఎవరితో కూర్చున్నారన్నదే ఉంది గాని, ఏం తిన్నారన్నది లేదు. నా ప్రసంగాల్లో మాత్రం ఆ పంక్తిలో పంది మాంసం, రొయ్యల వేపుడు, ఒక ఆదివారం మరీ ఉత్సాహం వచ్చి బొమ్మిడాయల పులుసు కూడా వడ్డించాను.

"పండితులు ఇప్పటికీ దీని మీద పోట్లాడుకుంటూనే ఉన్నారట. నన్ను నమ్మకు, నేను డేటాబేసుల మనిషిని" అన్నాడాయన. బండి కదిలింది.

నాకు మాత్రం లోపల ఏదో కదిలిపోయింది. సపోర్టులో కొత్తగా చేరినవాళ్ళను నేను రోజూ తిట్టే తిట్టు ఒకటుంది: కింద మెయిళ్ళు చూడకుండా జవాబు ఒక్కటే చదివి టికెట్ మూసేస్తావా? ఆ ఉత్తరాలన్నీ జవాబులే. వాటికి ముందు ఆ ఊళ్ళనుంచి వచ్చిన ప్రశ్నలు, ఫిర్యాదులు, చాడీలు మన దగ్గర లేవు. సగం సంభాషణ విని, అవతలి సగాన్ని నేనే కల్పించుకుని, దానికి మీసాలు పెట్టి, పిల్లల ముందు నడిపించాను. ఇన్నేళ్ళూ ఎవరూ నిలదీయకపోవడానికి నా కల్పన అంత బాగుండటం కూడా ఒక కారణం అనుకోండి.

ఇంటికి వెళ్ళి అమ్మకు చెబితే ఆమెకు ఉత్తరాల సంగతి పట్టలేదు.

"యూదుడా? మన ఏసయ్య తరపు చుట్టమా బిడ్డా?"

"దూరపు చుట్టం అనుకో."

"మరి చుట్టానికి అరటిపండ్లు పెట్టి సంపుతరా? రేపు జామకాయలు తీస్కపో. కోయకుండ తీస్కపో. కోస్తె తినడంటివి గద."

మరుసటి రోజు మధ్యాహ్నం మా ఫ్లోర్ ప్యాంట్రీలో పెద్దాయన తన గిన్నె పెట్టాడు. నా మిత్రుడు ద్వారపాలకుడిలా నిలబడ్డాడు. "స్విచ్ వారే వెయ్యాలండీ! ఎవరూ ముట్టుకోకండి! ఫాదరుగారూ, మీరు ఆ డబ్బాతో కాస్త అవతల నిలబడండి బాబూ!" అన్నాళ్ళ తర్వాత అతను నాతో మాట్లాడిన మొదటి మాట అదే. నేను నా కోడికూర డబ్బాను గుండెకు హత్తుకుని గుమ్మం అవతల నిలబడ్డాను. లోపల వాళ్ళిద్దరూ తమ తమ అమ్మమ్మల గురించి ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. ఆ మాటల్లో పడి గిన్నె సంగతి మరిచారు. పెసరపప్పు పొంగి కాయిల్ మీద పడింది. పొగ లేచింది. సీలింగులోని అలారం మోగింది.

నేను ఈ కథ చెప్పేటప్పుడు పన్నెండు అంతస్తులూ ఖాళీ అయ్యాయని, ఫైరింజన్లు నాలుగొచ్చాయని, పైన హెలికాప్టరు కూడా తిరిగిందని చెబుతాను. నిజానికి ఖాళీ అయింది మా అంతస్తు, పై అంతస్తు మాత్రమే. సెక్యూరిటీవాళ్ళు విజిళ్ళు ఊదుతూ మమ్మల్ని మెట్ల మీదుగా దింపి, గేటు పక్క అసెంబ్లీ పాయింట్ బోర్డు కింద నిలబెట్టారు. లోపల తనిఖీ అయ్యేదాకా ఎవరూ కదలకూడదన్నారు.

ఒక విచిత్రం చూడండి. లాప్‌టాపులు వదిలేసి వచ్చారు, ఫోన్లు వదిలేసి వచ్చినవాళ్ళున్నారు, డబ్బా వదిలేసి వచ్చినవాడు ఒక్కడు లేడు. ఒంటిగంటన్నర. అందరికీ ఆకలి. పచ్చ ఓవెన్ లేదు, ఎర్ర ఓవెన్ లేదు. పూలకుండీల వెంట పొడుగాటి సిమెంటు గట్టు ఒక్కటే ఉంది.

పెద్దాయన అందరికన్నా ముందు కూర్చున్నాడు, గుడ్డలో పట్టుకున్న గిన్నె ఒళ్ళో పెట్టుకుని. పక్కన నా మిత్రుడు. బావగారు ఐడీ కార్డు తిప్పుకుంటూ ఎదురుగా నిలబడ్డారు. పెద్దాయన నన్ను చూసి చెయ్యి ఊపాడు. "ఉత్తరాల మనిషీ! రా, ఇక్కడ చోటుంది."

నేను డబ్బా చూపించి, "ఇందులో కోడికూర ఉంది, మీకు ఇబ్బందేమో" అన్నాను.

"నీ డబ్బా నీది, నా గిన్నె నాది. గట్టు అందరిదీ" అన్నాడాయన.

ఆ ఖాళీ సరిగ్గా నా మిత్రుడి పక్కనే ఉంది. అతను బావగారి వైపు చూశాడు. నేను అతని వైపు చూశాను. రెండు వేల ఏళ్ళనాటి అంతియొకయలో జాలరి లేచే ముందు క్షణం ఇలాగే ఉండి ఉంటుంది. ఇప్పుడు గనక అతను లేచాడో, ఇక మూల టేబుల్ మాట మరిచిపోవాల్సిందేనని నాకు తెలుసు.

అతను లేవలేదు. కాస్త జరిగాడు.

"కూర్చోండి ఫాదరుగారూ. బావగారూ, మీరూ రండి. అటు చివర నీడ ఉంది."

బావగారు నా డబ్బా వైపు చూశారు. "అది..."

"కోడేనండీ" అన్నాడు నా మిత్రుడు. "ఆయనది ఆయన తింటారు, మనది మనం తిందాం."

బావగారు జేబురుమాలు తీసి గట్టు మీద పరిచి, ఆ చివర కూర్చున్నారు. డబ్బా తెరిచి, "పప్పు చల్లారిపోయింది. మాగాయ ఉందిటోయ్?" అన్నారు. అంతే! యెరూషలేము పెద్దలు కూడా ఆకలేస్తే మాగాయే అడుగుతారని నాకు అప్పుడే తెలిసింది. సీసా అటు వెళ్ళింది, ఇటు తిరిగొచ్చింది, చివరికి నా దగ్గర ఆగింది. వారం తర్వాత మాగాయ. కళ్ళు చెమర్చాయంటే కారం వల్లేనని రాసుకోండి.

నాలుగు ముద్దలు తిన్నాక బావగారు నా వైపు వంగారు. "మావాణ్ణి రోజూ ఒక్క ముక్క తినమనేది మీరేనా అండీ? మా ఆవిడ చెప్పింది."

ఎత్తిన ముద్ద మళ్ళీ డబ్బాలో పెట్టేశాను. మిత్రుడి వైపు చూశాను. "పంతులూ, అందుకా నువ్వు టేబుల్ మారింది?"

"మరేమనుకున్నారండీ?" అన్నాడతను. "మీతో కూర్చోవద్దని బావగారు ఒక్కనాడూ అనలేదు. ఆయన ఎదుట మీరు ఆ మాట అనేస్తారని నా భయం. మీరు అనకుండా ఉండలేరు కదండీ. నాకైతే అలవాటైపోయింది. అయినా ఎన్నేళ్ళని నవ్వనండీ? మీతో తినాలంటే రోజూ ఒకసారి నేను మీలాంటివాణ్ణి కానని చెప్పుకోవాలా?"

"జోక్ అది, పంతులూ."

"జోకేనండీ. అందుకే పోట్లాడలేకపోయాను."

మా తెలుగు అర్థంకాక పెద్దాయన ఏమిటని అడిగాడు. నేను ఉన్నది ఉన్నట్టు, జన్మలో మొదటిసారి ఏమీ కలపకుండా, ఇంగ్లిషులో చెప్పాను. ఆయన గిన్నె కింద పెట్టి మరీ నవ్వాడు.

"అయితే ఉత్తరంలో తిట్లు తిన్నది నువ్వన్నమాట! మాలాగా తింటేనే మావాడివి అన్నది నువ్వే. ఇక అపొస్తలుడు ఎవరు మరి?"

"మా అమ్మమ్మండీ" అన్నాడు నా మిత్రుడు, పైకి చూపించి.

ఆదివారం పుప్పాలగూడ హాలు కిటకిటలాడింది. ఏసయ్య తరపు చుట్టం వస్తాడని మా అమ్మ అపార్ట్‌మెంటంతా చాటింది. ఆయన శుక్రవారమే వెళ్ళిపోయాడంటే సగంమంది ఫోన్లు లోపల పెట్టేసుకున్నారు. నేను ఉత్తరం చదివి, టూ లో ఎవరున్నారో చెప్పి, గట్టు కథ చెప్పాను. ధర్మశాస్త్రం అనగానే మనకు రోలు గుర్తొస్తుంది, వాళ్ళకు విశ్రాంతి దినం కోసం శుక్రవారం సాయంత్రం ఇంట్లో వెలిగే దీపం గుర్తొస్తుందట అన్నాను. వెనక కూర్చున్న ఒక అన్న అనుమానంగా లేచాడు.

"అంటే ఇన్నేండ్లు నువ్వు మాకు జెప్పింది తప్పా?"

"సగం తప్పన్నా. మిగతా సగం నేనే కల్పించిన."

"బొమ్మిడాయల పులుసు గూడనా?" అని వంటింట్లోంచి ఒక అక్క అడిగింది. అన్నిటికన్నా ఎక్కువ ఆమెకు అదే బాధ అయింది.

పిల్లలు మాత్రం నడక చూపించందే కదలమన్నారు. మా అమ్మ కూడా, "జర సూపియ్యి బిడ్డా, ఆశవడుతున్నరు" అంది. సరే, చూపించాను. పొట్ట ముందుకు పెట్టి, కుడిచేత్తో కోడిముక్క ఎత్తి పట్టుకున్నట్టు పట్టుకుని, పక్కవాడి మూతి దాకా తీసుకెళ్ళే నడక. పిల్లలు ఎప్పటికన్నా ఎక్కువ నవ్వారు. మా అమ్మ ఈసారి ఆ నడక ఎవరిదని అడగలేదు.

సోమవారం ఒంటిగంటకు నేను మూల టేబుల్ దగ్గర కూర్చున్నాను. కాసేపటికి డబ్బాలు పట్టుకుని ఇద్దరు వచ్చారు. బావగారు టేబుల్ మధ్యలో పేపరు న్యాప్‌కిన్లు వరసగా పరిచి, అది దేశ సరిహద్దు అన్నట్టు ఒకసారి నా వైపు చూసి, అవతల కూర్చున్నారు. మాగాయ సీసా మాత్రం సరిగ్గా సరిహద్దు మీద పెట్టారు.

భోజనం చివరికొచ్చింది. చెయ్యి అలవాటు కొద్దీ లేచింది. నోరూ లేచింది.

"ఒక్క..." అన్నాను.

నాలుగు కళ్ళు నా మీద వాలాయి.

"ఒక్క జామకాయ" అని సంచీలోంచి తీసి పేపరు సరిహద్దు మీద పెట్టాను. "మా అమ్మ పంపించింది."

బావగారు దాన్ని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, కళ్ళజోడు సర్దుకుని మరీ చూశారు.

"కొయ్యలేదు కదా?" అని కొరికారు.